పని చేసినంక తానం

కోరుట్ల, సోమవారం

అమ్మా, నేను బాగున్నాను, బెంగ పెట్టుకోకు.

నేను పనిచేసే ఈ వృద్ధాశ్రమంలో అందరికీ వారానికి రెండు స్నానాలని నియమం. సిరిసిల్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికిన లచ్చవ్వ మాత్రం పన్నెండు రోజులుగా ఒప్పుకోలేదు, ఒళ్లంతా దద్దుర్లు. బతిమాలితే, "పని చెయ్యని ఒంటికి తానమేంది బిడ్డా?" అంది. నువ్వు గుర్తొచ్చావు, నువ్వూ కండెల పని ముగిశాకే స్నానానికి లేస్తావు. నిన్న చిక్కుడుకాయల గంప ఆమె ముందు పెట్టి, ఈనెలు తీయమన్నాను. సాయంత్రం తనే కేకేసింది: "ఓ సదువుల పిల్లా, నీళ్లు కాగినయా? వచ్చి ఈపు రుద్దు!" ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

నాన్న దగ్గు తగ్గిందా? కుంకుడుకాయలు పంపు. అటక మీది నీ పాత రాట్నం కూడా పంపితే లచ్చవ్వకు రోజూ స్నానమే.

నాన్నకూ నీకూ దండాలు, చెల్లికి ముద్దులు.

నీ సుచరిత