గాలి మింగేసిన డైలాగు

డైరెక్టరమ్మకి,

నువ్వు పంపిన సినిమా చూశాను. చివర్లో నా డైలాగు గాలిహోరులో కలిసిపోయిందని, స్టూడియోకొచ్చి మళ్లీ చెప్పమన్నావు. ఒక మాట చెబుతాను, కోప్పడకు. నేనసలు మీ షూటింగుకి రాలేదమ్మా.

మీ కారు రావడానికి ముందురోజే బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. మీరు కార్లో ఊళ్లు తిరుగుతూ సినిమా తీసినన్నాళ్లూ నేను ఈ మంచం మీదే ఉన్నాను. రాలేనని మా స్నేహితురాలికి కబురు పెట్టాను, అది నీకు చెప్పే ఉంటుందనుకున్నాను. మొన్న ఫోనులో అడిగితే, "నీకు మతిగానీ పోయిందా? దారి పొడుగునా నా భుజం మీదే పడి నిద్రపోయావు కదే!" అని నవ్వింది.

సినిమాలో దాని పక్క సీట్లో ఉన్నది నా మొహమే. నా చీరే, నా నవ్వే. మరమగ్గం కోసిన మచ్చ కూడా నాకున్న వేలి మీదే ఉంది.

మేమిద్దరం వయసంతా బట్టలమిల్లులో పనిచేశాం. మగ్గాల రొదలో మాట వినపడదు, పెదాలు చూసే కబుర్లు చెప్పుకునేవాళ్లం. అందుకే గాలిలో పోయిన ఆ మాట నాకు తెలిసిపోయింది. కారు దిగి, తలుపేసి, కెమెరా వైపు నడిచొస్తూ, నా మొహంతో ఉన్న ఆవిడ అంటోంది: "ఇక నేనింటికి పోతాను. పాపం, అదొక్కతే మంచమ్మీద పడుంది."

ఆ మాట నా నోటితో నేననలేను. ఇంకెవరిచేతైనా చెప్పించుకో. నాకు మాత్రం ఒక్కటి రాయి తల్లీ. ఆ తర్వాత ఆవిడ మళ్లీ కారెక్కిందా? ఎక్కకపోతే, అక్కణ్ణుంచి మా ఇంటికి నడిచి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ఇట్లు,
మంచం మీదున్న నేనే.