నీలం జాకెట్, పచ్చ కోటు

1985 మే 6, జహీరాబాద్

ఢిల్లీ నుంచి టెలిగ్రామ్. కైలాస మానససరోవర యాత్ర లాటరీలో మా దంపతులిద్దరి పేర్లూ వచ్చాయి. మహాదేవప్ప, శాంతమ్మ. జులై బ్యాచ్.

అప్లికేషన్ పెట్టింది శాంత. పేపర్లో ప్రకటన చూసి, నా పేరు కూడా తనే రాసి, సంతకం కోసం దుకాణానికి తెచ్చింది. గిరాకీ హడావిడిలో చదవకుండానే పెట్టేశాను. వస్తుందని ఎవరనుకున్నారు?

అవ్వ, అంటే మా అమ్మ, కళ్లనీళ్లు పెట్టుకుంది. మా ఇంట్లో ఇంతవరకు శ్రీశైలం దాటి పోయినవాళ్లు లేరు. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంత ఎండలో టెలిగ్రామ్ తెచ్చినవాడికి మజ్జిగ ఇచ్చారా అని అడిగింది. ఇవ్వలేదు. తిట్టింది.

మే 8

ఢిల్లీ ఆఫీసుకు ట్రంక్ కాల్ చేశాను. అవతలి మనిషి నెమ్మదస్తుడు. దారిలో దోల్మా కనుమ పద్దెనిమిది వేల అడుగుల పైన ఉంటుందట. చలికి మంచి జాకెట్ లేకపోతే అసలు బయల్దేరవద్దన్నాడు.

మంచి జాకెట్ అంటే ఏది? ఇన్నేళ్లుగా బట్టలమ్ముతున్నాను. నా దుకాణంలో చలికి పనికొచ్చేవి బీదర్ కంబళ్లు, కొన్ని మఫ్లర్లు. అంతే. చలి సంగతి నాకేం తెలుసు?

మే 12

హైదరాబాదు వెళ్లొచ్చాను. రోడ్డు మీద తారు కరుగుతోంది. చలి జాకెట్ కావాలంటే మొదటి దుకాణంవాడు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఎండదెబ్బ అనుకున్నట్టున్నాడు. స్వెట్టర్లమ్మే టిబెట్ వాళ్లు చలికాలంలో తప్ప రారట.

చివరికి సికింద్రాబాదులో, పాత మిలిటరీ సామాన్లమ్మే గల్లీలో, ఒక పచ్చ కోటు దొరికింది. పైన నైలాన్. లోపల దూది కాదు, ఏదో మిల్లు పీచు, మందంగా కుట్టారు. తలకు టోపీ ఉంది. మోకాళ్ల దాకా వస్తుంది. మగవాడి సైజు. బరువు చెప్పనలవి కాదు. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే సదాశివపేట వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి.

ఇది నేను వేసుకుంటాను. శాంతకు ఇంతకంటే మంచిది తేవాలి.

మే 19

బొంబాయి ఏజెంట్ లారీలో పంపించాడు. నీలం జాకెట్, ఫెదర్‌ది. కొండలెక్కే విదేశీయుడెవరో తిరిగి పోతూ అమ్ముకున్నాడట. ఇన్నేళ్లలో ఇలాంటి సరుకు చేత్తో పట్టుకోలేదు. నొక్కితే గుప్పిట్లోకి వస్తుంది. వదిలితే రొట్టెలా పొంగుతుంది. రెండు పంచెల బరువు కూడా ఉండదు.

శాంత మిట్టమధ్యాహ్నం వేసుకుని, చెమటలు కక్కుతూ, వాకిట్లో అటూ ఇటూ నడిచి నవ్వింది. నాకు గర్వంగా ఉంది. అప్పుడే కుట్టు సందులోంచి ఒక తెల్ల ఈక బయటికొచ్చింది. అవ్వ పట్టుకుని, ఇదేమిటని అడిగింది. బాతు ఈకలని చెప్పాను.

"సచ్చిన పక్షి బొచ్చు కప్పుకొని శివుని తానికి పోతరా?" అంది.

కంబళి కూడా గొర్రె బొచ్చే కదా అన్నాను. బొచ్చు కత్తిరించినాక గొర్రె బతికే ఉంటదంది. మధ్యాహ్నం నుంచి మాతో మాట్లాడటం లేదు.

మే 21

టైలర్ శాంతకు ప్యాంటు కుట్టి తెచ్చాడు. అవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది.

మే 26

ఐస్ ఫ్యాక్టరీలో టెస్ట్. ఆలోచన శాంతది. శివరాజ్ నా చిన్ననాటి స్నేహితుడు, ఫ్యాక్టరీ అతనిది. మంచు దిమ్మెలు పేర్చే గదిలో ఇద్దరం పీటలేసుకుని కూర్చున్నాం. శాంత నీలంలో, నేను పచ్చకోటులో. పనివాళ్లు తలుపు సందులోంచి చూసి నవ్వుతున్నారు.

చాలాసేపు కూర్చున్నాక నాకు నడుము దగ్గర జిల్లుమంది. శాంతకు ఏమీ లేదు. మార్చుకున్నాం. నీలంలో నేను నిజంగానే పొయ్యి పక్కన కూర్చున్నట్టున్నాను. చూశావా నా సెలక్షన్ అన్నాను.

ఆమె లేచి బకెట్‌తో నీళ్లు తెచ్చింది. రెండు జాకెట్ల చేతులూ అందులో ముంచి, పిండి, మళ్లీ వేసుకుందామంది. పచ్చది నీళ్లు కారుతూనే ఉంది, కానీ లోపల చెయ్యి వెచ్చగానే ఉందట. నీలం చెయ్యి ఉబ్బంతా దిగిపోయి నా చర్మానికి అతుక్కుంది. ఈకలన్నీ ఒక మూలకు చేరి ఉండకట్టాయి. కాసేపటికి వేళ్లు కొంకర్లు పోయాయి.

"మనం పోయేది జులైల," అంది శాంత. "మంచు కాడికి చేరేదాంక వానలనే నడవాలె. తడిస్తె ఇది కోడిపిల్ల లెక్క అయితది. నేను పచ్చదే ఏసుకుంట."

తడవకుండా రెయిన్‌కోట్ ఉంటుంది కదా అన్నాను. అంత ఎత్తులో ఊపిరే అందదు, ఆ బరువు మోస్తూ పడిపోతావన్నాను. గుడ్డ సంగతి నాకు చెప్పకు అని గట్టిగానే అన్నాను. ఇద్దరి నోళ్లలోంచీ పొగ వస్తోంది.

"గుడ్డ మీకెరుకనే," అంది. "ఏసుకునేది నేను."

శివరాజ్ తలుపు తీసి, "అన్నా, లొల్లి బయటికొచ్చి వెట్టుకోన్రి. నా మంచు కరుగుతది," అన్నాడు.

మే 27

ఇంట్లో ముగ్గురం, ఎవరికి వాళ్లం.

మే 31

ఆమే గెలిచింది. పచ్చది ఆమెకు, నీలం నాకు.

వాదనతో గెలవలేదు. నాలుగు రోజులుగా తెల్లవారగానే సంచిలో అల్లం నింపి వీపున వేసుకుని, ఆ కోటు తొడుక్కుని, మొగుడంపల్లి రోడ్డున నడిచొస్తోంది. చెరకు బళ్లవాళ్లు బళ్లు ఆపి మరీ చూస్తున్నారట. ఇవాళ నేనూ వెంట వెళ్లాను. వట్టి చేతులతో. సగం దూరంలో ఆగి, కిలోమీటరు రాయి మీద కూర్చుండిపోయాను. ఆమె ముందుకు పోయి తిరిగొచ్చి నన్ను లేపింది.

సాయంత్రం కోటు సరిచేయించడానికి కొలతలు నేనే తీశాను. పెళ్లయి పందొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఇంట్లో మేమిద్దరం, అవ్వ. రోజూ చూస్తున్న మనిషే. ఆమె కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉంటుందని ఇవాళే తెలిసింది. చుట్టూ వదులుగానే ఉంచమంది. లోపల రెండు స్వెట్టర్లు పట్టాలట.

జూన్ 11

మొదటి వాన. అవ్వ మాట్లాడింది. ఛత్రీ తీసుకపోరాదురా అని.

జులై 9, ఢిల్లీ

మెడికల్. శాంత పాస్.

నాకు బీపీ. డాక్టర్ మళ్లీ మళ్లీ చూశాడు. కాసేపు పడుకోమన్నాడు, మళ్లీ చూశాడు. పైకి పంపితే నన్ను కిందికి మోసుకొచ్చేవాళ్లుండరని మెల్లగా చెప్పాడు. మర్యాదస్తుడు. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

జులై 10

నువ్వు వెళ్లు అన్నాను. నిజం రాస్తున్నాను, వెళ్లనంటుందని అన్నాను. మీరు లేకుండా నేనెట్ల పోత అంటుంది, నేను బతిమాలతాను, ఇద్దరం ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇంటికి పోతాం. ఇదీ నా లెక్క.

శాంత నా మొహంలోకి చూసింది.

"సరే, పోత," అంది.

జులై 12, రైల్లో

నీలం జాకెట్ కూడా తీసుకెళ్లమన్నాను. రెండు మోసుకొని ఎక్కలేనంది. అది నా ఒళ్లోనే ఉంది. ఎదుటి సీటు ఆయన అది దిండా అని అడిగాడు. అవునన్నాను.

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. నాగపూర్ దాకా నా మీదే అనుకున్నాను. నాగపూర్ దాటాక ఆమె మీద అనిపించింది.

జులై 14, జహీరాబాద్

"కోడల్ని ఏడ ఇడిచిపెట్టి వచ్చినవ్ రా?" అని అవ్వ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది. కైలాసంలో అని నేనంటే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

జులై 25

కబురు లేదు. ఉండదని ముందే తెలుసు. అయినా పోస్టాఫీసుకు పోయాను.

ఆగస్టు 2

యాత్ర దారిలోని కుమావూఁ కొండల్లో వానలని రేడియోలో చెప్పారు. దారులు తెగాయట. యాత్రికుల మాట చెప్పలేదు. శివరాజ్ ఢిల్లీకి ఫోన్ కలిపి ఇచ్చాడు. బ్యాచ్ అవతలి దేశంలో ఉంది, ఇంకా ఏమీ తెలియదన్నారు.

దుకాణంలో కూర్చోలేక ఇంటికొచ్చి నీలం జాకెట్ మొత్తం నీళ్ల గోళెంలో ముంచాను. ఎందుకో తెలియదు. పిండి దండెం మీద వేశాను. చచ్చిన పిట్టలా వేలాడింది. అవ్వ చూసింది. పక్కకొచ్చి నిలబడి ఒక చేతిని తనూ పిండింది.

ఆగస్టు 5

జాకెట్ ఇంకా ఆరలేదు.

ఆగస్టు 13

కొండల కింది ధార్చులా నుంచి టెలిగ్రామ్. క్షేమం, శాంత. అంతే ఉంది. అవ్వకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. చదివాను. తెచ్చినవాడికి మజ్జిగ, బెల్లం ఇచ్చి, ఇంకో గ్లాసు తాగిందాకా వదల్లేదు.

ఆగస్టు 20

వచ్చింది. మొహం బొగ్గు. ముక్కు మీద చర్మం పొరలుగా ఊడుతోంది. చిక్కిపోయింది. ఆటోలోంచి దిగి తన సంచి తనే దించుకుంది.

అవ్వ గడపలోంచి వచ్చి వంగి శాంత కాళ్లు పట్టుకోబోయింది. కైలాసం చూసి వచ్చిన కాళ్లట. శాంత వెనక్కి దూకి, "వద్దత్తా, వద్దు," అని ఆమెను పట్టుకుని ఏడ్చింది. నేను ఆటోవాడితో మాట్లాడుతున్నట్టు నిలబడ్డాను.

ఆగస్టు 22

రెండు రోజులు పడుకునే ఉంది. ఇవాళ చెప్పింది.

డేరాలో ఆమెకు జోడీ హుబ్బళ్లి నుంచి వచ్చిన లీలావతి హిరేమఠ్. బ్యాంకులో ఆఫీసరు. మాది కన్నడ సరిహద్దే కదా, ఇద్దరూ కన్నడంలో బాగా కలిసిపోయారు. హిరేమఠ్ గారిది ఖరీదైన ఫెదర్ జాకెట్. ఎర్రది, తేలికైనది. ఎక్కేటప్పుడు ఆమే ముందు నడిచేదట, శాంత ఆ బరువుతో అందరికంటే వెనక. ఎన్నోసార్లు కోటు విప్పి లోయలోకి విసిరేద్దామనిపించిందట.

దోల్మా కనుమ దాటారు. దిగేటప్పుడు మధ్యాహ్నం నుంచి వానా మంచూ కలిసి కొట్టింది. హిరేమఠ్ గారి రెయిన్‌కోట్ గాలికి నిలువునా చిరిగింది. జాకెట్ నానిపోయింది. గుర్రాలు, మిగతా మనుషులు ముందు పోయారు. వెనకబడింది వీళ్లిద్దరే.

"ఆమె రాయి మీద కూసుంది," అంది శాంత. "వణుకుడు గూడ బందయింది. నిద్రొస్తుందక్కా, జరసేపు పండుకుంట అన్నది. నాకు బుగులైంది. తడిజాకెట్ గుంజేసిన. నా కోటు తీసి, ఆమెను ముందర కూసోబెట్టుకొని ఇద్దరి మీదికెల్లి జిప్పు గుంజిన. ఆమె ఈపు నా రొమ్ముకు ఆనుకున్నది. మంచుగడ్డ లెక్కనే ఉన్నది."

కోటు కూడా తడిసే ఉందట. అయినా లోపల వెచ్చబడిందట, మెల్లగా. నిద్రపోకుండా ఆమె చేత శివభక్తుల కన్నడ వచనాలు చెప్పించిందట. మరిచిపోతే తను అందించేదట. మొదట ఆమెకు నాలుక తిరగలేదు. తర్వాత వణుకు మళ్లీ మొదలైంది. వణికితే మంచిదని శాంతకు ఎవరూ చెప్పలేదు, అయినా సంతోషమేసిందట. గైడు గుర్రంతో వెనక్కి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

హిరేమఠ్ గారు బతికారు. హుబ్బళ్లి చేరారు.

శాంత ఇదంతా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పింది.

ఆగస్టు 23

పొద్దున్నుంచి ఒకటే ఆలోచన. ఐస్ ఫ్యాక్టరీలో ఆ రోజు నా మాట నెగ్గి ఉంటే, రాయి మీద కూర్చున్నవాళ్లు ఇద్దరయ్యేవారు. జిప్పు విప్పి లోపలికి లాక్కునే మనిషి ఉండేది కాదు.

దుకాణం మధ్యాహ్నమే కట్టేసి వచ్చి ఆమెకు ఇది చెప్పాను.

"గిప్పుడెందుకవన్ని," అంది.

నేనక్కడ ఉంటే బాగుండునని ఎప్పుడైనా అనుకున్నావా అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. అనుకున్నానంది, ఒక్కచోట. సరస్సు దగ్గరా అన్నాను. కాదట. దారిలో ఒక టీకొట్టు. కొట్టువాడు ఉన్ని టోపీలు కూడా అమ్ముతున్నాడట.

"మీరైతే ఆ ఉన్ని పట్టి చూసి, వాని తోని గంటసేపు మాట్లాడుతుంటిరి. మేము లేటయితుంటిమి. గది యాదికొచ్చి ఒక్కదాన్నే నవ్విన."

ఆగస్టు 29

సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కాం, ఇద్దరం. వాన మొదలైంది. శాంత మెట్లవైపు చూడలేదు. నేనూ చూడలేదు, తడుస్తూ నిలబడ్డాం. అవ్వ కింది నుంచి మా ఇద్దరి పేర్లూ పిలుస్తూనే ఉంది.