నేను నేర్పిన తన్ను మానెయ్యి

జెజు దీవి,
గురువారం.

చిరంజీవి మిగ్యంగ్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేం కులాసాగానే ఉన్నాం. మీ నాన్న కమలాలు కోస్తున్నాడు, నడుం నొప్పంటూనే నిచ్చెన దిగడు. నీ ఉత్తరం మంగళవారం అందింది. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

వచ్చే వారం శనివారం డైవింగ్ పరీక్షకు మునిగిన ఓడలోకి దిగాలన్నావు. మొన్న సాధనలో అందరి వీపుల మీది సీసాల్లో సగం గాలి ఉండగానే నీది అయిపోయిందనీ, ఇంకొకరి గాలి పంచుకుని పైకొచ్చావనీ ఒక్క ముక్కలో రాసి, ఆ కిందే మేజోళ్ళు పంపమన్నావు. మేజోళ్ళు పంపుతున్నాను. గాలి సంగతి అంత తేలిగ్గా ఎలా రాశావే?

కాళ్ళు పైకీ కిందికీ కొట్టొద్దు, కప్పలా మడిచి పక్కలకు తోసి కాసేపు ఊరుకోమన్నారట మీ మాస్టారు. "మా అమ్మ ఇలాగే నేర్పింది" అని నువ్వు వాదించావట. ఏది మంచిదని నన్నడిగావు. సీసా లేకుండా ఒక్క ఊపిరితో నత్తలు పట్టి పైకి రావాలి మేము, గట్టిగా కొట్టక తప్పదు. వీపున గాలి ఉన్న నీకు తొందరేమిటి? ఎంత కొడితే అంత ఆయాసం, అంత గాలి ఖర్చు. పైగా ఓడలో బురద లేచిందంటే దారే కనబడదు.

ఇది రాయకూడదనుకున్నాను. పోయిన నెల లోతులో ఉండగా నీటివాలు నాకు ఎదురు తిరిగింది. నీకు నేర్పినట్టే బలంకొద్దీ కొట్టాను. పిక్కలు పట్టేశాయి. మాతోపాటు దిగే ఆడవాళ్ళందరికీ పెద్దయిన చున్‌జా అక్క రెక్క పట్టుకుని పైకి లాగింది. ఒడ్డున మంట దగ్గర కూర్చోబెట్టి, "ఏమే సున్‌దొక్, సముద్రంతో పంతమేంటే నీకు? రేపట్నుంచి ముసలమ్మల నీళ్ళలో దిగు" అంది. ముప్పై ఏళ్ళు లోతుకు దిగినదాన్ని, ఇప్పుడు ఒడ్డుపక్కన మునుగుతున్నాను. ఎందుకని అడిగిన మీ నాన్నకు లోతున నీళ్ళు చల్లబడ్డాయని చెప్పాను.

నిన్న అక్కడే మీ మాస్టారి కప్ప తన్ను వేసి చూశాను. "కాళ్ళకు వాతమొచ్చిందా?" అని ముసలమ్మలు నవ్వారు. నవ్వనీ. ఒక్క తోపుకు ఎంత దూరం పోయానో, ఆయాసమే లేదు. ఒడ్డుకొచ్చి ఏడ్చాను.

ఓడలో బెదిరితే నీ కాళ్ళు వాటంతటవే నా తన్నుకు పోతాయి, అదే నా భయం. పరీక్ష దాకా రోజూ సాధన చెయ్యి. నేను నేర్పింది మానెయ్యి. నాకు బాధగా ఉండదా అంటావేమో, ఉంటుంది. అయినా మానెయ్యి.

ఇట్లు,
శనివారం పొద్దుట్నుంచీ ఫోను పక్కనే కూర్చునే
మీ అమ్మ