తలుపు దగ్గరి చాప

ప్రియమైన బావకి,

నేను బాగున్నాను. నువ్వూ బాగున్నావనుకుంటాను. బీపీ బిళ్ళలు మరిచిపోకుండా వేసుకుంటున్నావా? ఈసారి నీ ఉత్తరం విప్పగానే ఒక ఎండుగడ్డి పోచ రాలింది. ఎక్కడిదో గాని పారేయబుద్ధి కాలేదు. కిటికీ సందులో పెట్టుకున్నాను.

లాండ్రీలో పని మామూలే. మిషన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి నాకు అక్కడ హాయిగా ఉంటుంది. ఇంటికొచ్చాకే కష్టం. నా చెప్పుల చప్పుడు తప్ప గదిలో మరే అలికిడీ ఉండదు. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించాలనీ అనిపించదు.

మా లాండ్రీ పై అంతస్తులో వేడిగదిలో యోగా నేర్పుతారు. తలుపులన్నీ మూసి, హీటర్లు పెట్టి, గదిని మండు వేసవిలా చేసి అందులో ఆసనాలు వేస్తారు. వాళ్ళ తువ్వాళ్ళు మేమే ఉతుకుతాం. నిన్న అవి ఇవ్వడానికి వెళ్తే టీచరమ్మ, ఉదయం క్లాసులో ఒక చాప ఖాళీగా ఉంటోంది, ఊరికే వచ్చి చేసుకోరాదా అంది. నా మనసు యోగా మీదకన్నా, అంతమంది మనుషులు ఒక్క గదిలో ఉండడం మీదికి పోయింది.

కొత్తవాళ్ళని ఆవిడ ముందు ప్రశ్నలడుగుతుంది. గుండె జబ్బుందా, బీపీ ఉందా, షుగరుందా, కడుపుతో ఉన్నావా, ఎప్పుడైనా వడదెబ్బ తగిలిందా, మందులేమైనా వాడుతున్నావా అని. కడుపుతో ఉన్నవాళ్ళని రానివ్వదు. మిగతావాళ్ళని డాక్టరు సరేనంటేనే రానిస్తుంది. అందరూ చూస్తుంటే సిగ్గేసి, సగం వినకుండానే అన్నిటికీ తల అడ్డంగా ఊపేశాను. వెళ్ళనా? వేడి సంగతి నీకే బాగా తెలుసు.

కొలిమి మీద ఏడాది నిలబడితే గాజు కంపెనీ వాళ్ళు ఇల్లిస్తారని, అప్పుడు నన్ను తీసుకెళ్తానని అన్నావు కదా. ఇంకెంత కాలమని అడగను. అడిగినట్టే అయిందేమో.

నీ
పిట్ట

*

ప్రియమైన నా పిట్టకి,

వెళ్ళు. కాసేపు మనుషుల మధ్య ఉంటే మంచిదే. కానీ వేడితో పరాచికాలాడకు. మొదటి రోజే అందరితో సమానంగా చేసేయాలని చూడకు. ఒళ్ళు అలవాటు పడడానికి వారం పైనే పడుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా ముందే నీళ్ళు తాగు. తలుపు దగ్గరి చాప అడుగు. కళ్ళు తిరిగినా, కడుపులో తిప్పినా, గుండె దడదడలాడినా, చెమట పట్టడం ఆగిపోయినా లేచి బయటికి వచ్చేయ్. వేడికి కీళ్ళు మెత్తబడ్డట్టు ఉంటాయి. ఒంగుతున్నాను కదా అని మరీ ఒంగకు, నొప్పి ఆ తర్వాత తెలుస్తుంది.

ఎవరేమనుకుంటారో అని మాత్రం ఆగిపోకు. నీ సంగతి నాకు తెలియదా, ఇల్లంటుకున్నా పక్కింటివాళ్ళకి నిద్ర చెడుతుందని కేక వేయని మనిషివి.

నా పని బాగానే సాగుతోంది. కొలిమి మండుతోంది, గొట్టంతో గాజు ఊదుతున్నాను. ఇల్లు వస్తుంది. బిళ్ళలు వేసుకుంటున్నాను.

నీ
బావ

*

ప్రియమైన బావకి,

వెళ్ళాను. తలుపు దగ్గరి చాపే ఇచ్చారు. నా పక్కన ఒక బస్సు డ్రైవరు, అవతల ఒక పళ్ళ డాక్టరమ్మ. ఎవరూ ఎవరినీ పలకరించరు. చివర్లో అందరం వెల్లకిలా పడుకుంటాం. అప్పుడు చుట్టూ ఊపిరి తీసే చప్పుడు వినబడుతుంది. కళ్ళు మూసుకుంటే ఇంటినిండా మనుషులున్నట్టు ఉంటుంది.

అందుకే మొన్న కళ్ళు తిరుగుతున్నా లేవలేదు. నువ్వు చెప్పింది గుర్తుంది. కానీ లేస్తే మళ్ళీ నా గదికే కదా పోవాలి. తర్వాతి ఆసనానికి నిలబడబోయి పడిపోయాను.

మెలకువ వచ్చేసరికి వసారాలో చల్లటి నేల మీద ఉన్నాను. కాళ్ళ కింద దిండు, మెడ మీద తడి తువ్వాలు. నేను ఉతికిందే. ఏం తిన్నావని టీచరమ్మ అడిగింది. క్లాసుకి ముందు కడుపు నిండా తినకూడదని ఆవిడ చెప్పిన మాట నిజమే గాని, నేను ముందు రోజు కూడా పొయ్యి వెలిగించలేదు. అలవాటు కొద్దీ తల ఊపబోయాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని ఆపింది.

"తల కాదమ్మా, నోరు కావాలి. తల ఊపితే నీ గురించి నాకేం తెలుస్తుంది?"

చెప్పాను. ఒక్కదానికి వండుకోబుద్ధి కాదని కూడా చెప్పాను. బస్సు డ్రైవరు, "మాకెవరికి బుద్ధవుతుందిలే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఆవిడ ఆ ప్రశ్నలన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా అడిగింది. ఈసారి అన్నీ విన్నాను. బీపీకి బిళ్ళలు వేసుకునేవాళ్ళు వేడిలో ఉన్నట్టుండి పడిపోవచ్చట. వాళ్ళు డాక్టర్ని అడక్కుండా లోపలికి అడుగు పెట్టకూడదట. నాకు నువ్వు గుర్తొచ్చావు. మాది గంటసేపే. నీది రోజంతా.

ఇంకో మాట. నీ పోయిన ఉత్తరం మడతల్లో కూడా గడ్డిపోచలున్నాయి. కొలిమి ఛాయలకి గడ్డి రానివ్వరని, గాజు సామాను పెట్టెల్లో సర్దేచోటే పరుస్తారని నువ్వే కదా చెప్పావు. చెమట ఆగిపోతే ఎలా ఉంటుందో నీకెలా తెలిసింది బావా? నాకు తల ఊపకు. నోటితో చెప్పు.

నీ
పిట్ట

*

ప్రియమైన నా పిట్టకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు భయపడి ఉంటావు. నాలుగు కాగితాలు చింపేశాను.

పడిపోయాను. నీ కిటికీ సందులోకి ఆ మొదటి గడ్డిపోచ చేరేనాటికే పడ్డాను. కొలిమి పనిలోకి తీసుకునేటప్పుడు బీపీ ఉందా అని నన్నూ అడిగారు. నేనూ తల ఊపేశాను. నీలా సిగ్గుపడి కాదు, ఇంటి మీద ఆశతో. గొట్టం చివర ఎర్రటి గాజు ఉంది. అది ఎవరి మీదా పడలేదు, అదే పదివేలు.

ఇక కొలిమి వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు సర్దే షెడ్డులో ఉన్నాను. గ్లాసుల మధ్య గడ్డి కూరుతుంటాను. భోజనాల వేళ ఆ గడ్డి మీదే కూర్చుని నీకు ఉత్తరాలు రాస్తాను. ఇల్లు ఇంకొకరికి ఇచ్చేశారు. నాకున్నది ఒక్క గది. మంచం కూడా ఒక మనిషికి సరిపోయేదే, చాలా ఇరుకు. నిన్ను ఏ మొహం పెట్టుకుని రమ్మనను?

కోపం వస్తే తిట్టు. నువ్వు ఊరుకుంటేనే నాకు భయం.

నీ
బావ

*

ప్రియమైన బావకి,

కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. తర్వాత నీ మీద దిగులేసింది. పొయ్యి వెలిగించి వండుకుని తిన్నాను.

పని మానేస్తున్నానని లాండ్రీ యజమానికి చెప్పాను. మిషన్ల హోరులో వినబడలేదన్నాడు. మళ్ళీ గట్టిగా చెప్పాను. బట్టలు మడతలు పెట్టేవాళ్ళంతా తిరిగి చూశారు. చూస్తే చూశారు.

టీచరమ్మ దగ్గర కూడా సెలవు తీసుకున్నాను. తలుపు దగ్గరి చాప ఇకమీదట కొత్తవాళ్ళకే ఇస్తుందట. ప్రశ్నలు కూడా అందరి ముందు కాకుండా, పక్కకి పిలిచి అడుగుతుందట.

గడ్డి కూరడం నాకూ నేర్పు. మడతలు పెట్టిన చేతులు, తొందరగానే పట్టుబడుతుంది.

మంచం ఇరుకన్నావు. ఇక్కడ నా మంచం చాలా వెడల్పు బావా. అటూ ఇటూ ఎంత దొర్లినా ఎవరూ తగలరు. ఆదివారం బస్సుకి వస్తున్నాను.

నీ
పిట్ట