నువ్వు దున్నించిన గడ్డి

ఇచ్చోడ,
జూన్ 11

బావకు,

పెళ్లయిన పదకొండేళ్లలో నీకు ఇదే మొదటి ఉత్తరం. ప్రేమగా మొదలుపెడదామనుకున్నాను, చేతకాలేదు. ఫోన్‌లో అరిస్తే పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను. బొగ్గుబాయి డ్యూటీ దిగి, అన్నం తిన్నాక పూర్తిగా చదువు.

అవ్వకు కంటి ఆపరేషన్ అని తొమ్మిది రోజులు కరీంనగర్‌లో ఉన్నాను. నిన్న బస్సు దిగి నేరుగా చెలకకు పోతే నాగయ్య కాక ట్రాక్టర్ తిరుగుతోంది. నాలుగెకరాల్లో మూడు అప్పటికే దున్నేశాడు. మూడేళ్ల నా అంజన్ గడ్డి వేళ్లు పైకి తేలి ఎండుతున్నాయి. సంచీ అక్కడే పడేసి ట్రాక్టర్ ముందు కూర్చున్నాను.

"లేవు బిడ్డా, నాదేం తప్పున్నది? నీ మొగడు కొండలే ఫోన్ జేసి దున్నుమన్నడు. సూపర్ నేపియర్ గడ్డి పెడ్తడట," అన్నాడు కాక.

"ఆయన్నే వచ్చి నా మీదికెల్లి తోలుమను," అన్నాను.

కాక నీకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. నువ్వేమన్నావో గుర్తుందా? "జర లేవు మమతా, ఇజ్జత్ తియ్యకు. పిచ్చిగడ్డి పెంచుతున్నవని ఊరంత నవ్వుతున్నది." ఫోన్ పెట్టేసి, కాక ట్రాక్టర్ తిప్పుకుని పోయేదాకా అక్కడే కూర్చున్నాను. నీ మాటకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అది పిచ్చిగడ్డి కాదు బావా. మనది ఎర్ర గరుసు నేల. మాఘమాసం దాటితే బోరు నీళ్లివ్వదు. నేపియర్ మనిషెత్తు పెరుగుతుంది, నిజమే. కానీ దానికి వారం వారం నీళ్లు కావాలి, కోసినప్పుడల్లా యూరియా కావాలి. ఆ యూరియా లైన్లో నిలబడేది ఎవరు? అంజన్ ఒకసారి పాతుకుంటే పైన ఎండినా కింద చావదు, చినుకు పడగానే మళ్లీ లేస్తుంది. ఏ గడ్డి పెట్టాలో నాకెవరూ చెప్పలేదు. ఎండాకాలమంతా ఆవుల వెంట గుట్ట మీద తిరిగి, అవి దేన్ని వెతుక్కుని తింటున్నాయో చూశాను. కంకులు దూసి కొంగులో తెచ్చాను. దూది లాంటి ఆ గింజ గాలికి ఎగిరిపోతుంటే తడి ఇసుకలో కలిపి చల్లాను. నడుమ నడుమ స్టైలో వేశాను. అది పప్పుజాతి, నేలకు తనే బలమిస్తుంది. మొదటి ఏడాది ఒక్క ఆవునూ అడుగు పెట్టనివ్వకుండా, బయటి నుంచి మేత నెత్తిన మోసుకొచ్చాను. ఈ మూడేళ్లలో ఒక్కసారైనా "ఇదేం గడ్డి?" అని అడిగావా? ఊరి నవ్వు మాత్రం నీకు మందమర్రి దాకా వినబడింది.

మిగిలిన ఎకరం చుట్టూ ముళ్లకంప వేశాను. ఇక అది నాది. నీ నేపియర్‌ను నువ్వే వచ్చి తడుపుకో.

మమతారాణి


ఇచ్చోడ,
మరుసటి ఏడు మే 22

బావకు,

నేపియర్ ఉగాదికే ఎండింది. నువ్వు వచ్చి చూసిపోయావు, నేనొక్క మాట అనలేదు. మన రెండావులూ నేను కోసి దాచిన అంజన్‌తోనే ఎండాకాలం గట్టెక్కాయి. దాని గురించీ గొప్పలు చెప్పుకోలేదు.

ఇవాళ మాత్రం ఊరుకోలేను. పక్కూరి రాంచందర్ తన గొర్రెల కోసం గింజలు అడగడానికి వచ్చాడు. "కొండల్ ముందే ఆలోచన జేసి గీ ఎకరం దున్నకుంట ఆపిండట గదా. మస్తు తెలివి," అన్నాడు.

"అట్లని ఎవరన్నరు?"

"ఆయన్నే. మొన్న ఊరికొచ్చినప్పుడు హోటల్ కాడ అందరి ముంగట చెప్పిండు."

దుమ్ములో కూర్చున్నది నేను. ఊరు నవ్వినప్పుడు నాదైన గడ్డి, ఊరు అడిగినప్పుడు నీదెట్లా అయింది? దున్నించినందుకు ఏడ్చాను. దీనికి ఏడవను. ఆ మాట అన్నచోటే, ఆ మనుషుల ముందే వాపసు తీసుకో. అప్పటిదాకా సెలవుకు వస్తే అన్నం పెడతాను, మాట్లాడను.

మమతారాణి


మందమర్రి,
జూన్ 1

మమతకు,

నిన్న ఆదివారం ఊరికి వచ్చాను. నీకు ముఖం చూపించలేక ఇంటికి రాకుండానే తిరిగి బస్సెక్కాను. హోటల్ దగ్గర రాంచందర్, నాగయ్య కాక, ఇంకో పదిమంది ఉన్నారు. "గడ్డి పెట్టింది మమత. దున్నిపిచ్చింది నేను. మొన్న అబద్ధం జెప్పిన," అన్నాను. కాక, "గిప్పుడన్న చెప్పినవ్," అని గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. టీ తాగలేకపోయాను.

నీ కోపం తగ్గాలని ఇది రాయడం లేదు. పది రోజులు సెలవు పెట్టాను. ఆ మూడెకరాలూ మళ్లీ నీ గడ్డికే. పని నువ్వు చెప్పు, నేను చేస్తాను.

ఇన్నేళ్లూ అడగని ఒక్క సంగతి మాత్రం ముందే అడగాలనిపించింది. ఆవులు మేస్తుంటే గడ్డి ఎంత ఎత్తు మిగిలి ఉండగా వాటిని బయటికి తోలాలి, మమతా? నాకు తెలియదు.

కొండల్