చిప్పులో జాగ

మంగళవారం, భోజనాల తర్వాత

ఇంటర్నెట్ అక్కరలేని యంత్రమే అడవి పల్లెకు స్వేచ్ఛ అని నిన్న చర్చాపోటీలో వాదించి గెలిచాను. ఈరోజు ల్యాబ్‌లో ఆ వాదన తడబడింది.

పినపాక అవతల, సిగ్నల్ లేని తమ ఊరి దవాఖానా కోసం నా స్నేహితురాలు రజిత ఒక పెట్టె తయారుచేస్తోంది. అది రోగి కోయమాటను నర్సుకు తెలుగులో, నర్సు తెలుగును రోగికి కోయలో వినిపించాలి. పెద్ద కంప్యూటర్‌లో నడిపినప్పుడు వాళ్లమ్మ కోయమాటలన్నీ దానికి అర్థమయ్యాయి. పెట్టెలోని చిన్న చిప్పులో పట్టడానికి, మాటలు నేర్చిన ఆ ప్రోగ్రాం, అంటే మోడల్‌లోని అంకెలను కుదించగానే తెలుగు నిలిచింది, కోయ చెదిరింది. వాళ్లమ్మ కోయలో కడుపునొప్పి అంటే పెట్టె "కట్టెలు తెచ్చాను" అంది. నర్సు దాన్నే నమ్మితే?

"స్టేజీ మీద నువ్వు గెలిచినవ్ గని, చిప్పుల మా అమ్మకు జాగ దొరకలేదే," అంది రజిత.

"పెద్ద చిప్పు పెట్టు."

"పెద్దదైతే బ్యాటరీ పగటికే ఖతం. కోయకు ఎక్కువ జాగిచ్చి మళ్ల కుదిస్త. గప్పుడు నీ తెలుగు తడబడ్తది. ఒప్పుకుంటవా, లెక్చరర్ అమ్మా?"

ఖండించడానికే నోరు తెరిచాను. వచ్చింది మాత్రం ప్రశ్న: "ఎంత తడబడుతుంది?"

"నాకేం ఎరుక? రేపు నువ్వే మాట్లాడి సూడు."

కుదిస్తే ముందుగా ఏ మాట రాలుతుంది? అరుదైనదా, పొడవైనదా? నేను కడుపునొప్పి అంటే రేపు ఆ పెట్టె ఏమని వింటుందో...