మురిగిన గుడ్డు, జింకు రాయి

ఇందుమూలముగా జనగామ ఇంటి సర్కారు మరియం బీ గారికి తెలియజేయునది ఏమనగా: ఈ జుమ్మా నుంచి మా క్యాంపుల ఉప్మా బంద్. హుకుం తప్పినోళ్ళకు శిక్ష, మిగిలిన ఉప్మానే. సంతకం, హెడ్ కుక్కు మజీద్.

మరియం, సలాం. నేను మంచిగున్న, నా నెత్తురు తాగి దోమలు ఇంకా మంచిగున్నయి. నువ్వు, ఆయేషా, మేక అందరు సల్లగ ఉన్నరనుకుంట. ఈ అడివిల ఫోన్ చేద్దామంటే సిగ్నలే లేదు, అందుకే డీజిల్ కోసం భూపాలపల్లి పొయ్యే జీపు డ్రైవర్‌తోని ఉత్తరం పంపుతున్న.

నువ్వు అడిగినయి చెప్త. నీ మోకాళ్ళ నూనె ఇంకా దొరకలే. మఫ్లర్ కుక్క గుంజుకపోయింది, దాని మెడల నాకన్న మంచిగ కనబడ్తున్నది. ఆయేషా కుట్టిన అంగీకి ఒక చెయ్యి పొడుగైంది. అయినా తొడుక్కుంటున్న, పిల్లకు చెప్పకు.

"క్యాంపు ఎత్తేస్తరంటివి, ఇంక రావేంది?" అని రాసినవ్. గా సంగతి కాడికే వస్తున్న, జర ఓపిక పట్టు.

గుట్టల జింకు ఉందా లేదా అని బోరు పొడుస్తున్నం గదా. మిషన్ భూమి లోపటికెల్లి రాతి కడ్డీలు బయటికి తీస్తది. వాటిని లోతు వరుసల పెట్టెలల్ల పేరుస్తరు. రాళ్ళ చదువు చదివిన జ్యోత్స్న మేడం, మన ఆయేషాకు అక్క వయసుంటది, కడ్డీని గీకి ఆ పొడి మీద యాసిడ్ చుక్కలేసి వాసన చూస్తది. జింకు ఉంటే మురిగిన గుడ్డు కంపు రావాలె. వానలు పొయ్యి చలి వచ్చింది, కంపు మాత్రం రాలే. ఇగ సామాను సర్దుమన్నరు.

నా చేతులు ఊకుంటయా? వంటింట్ల మురిగిన గుడ్డు ఒకటి దొరికింది. పలగ్గొట్టి, డబ్బా మూతల పోసి, ఆఖరి పెట్టె కింద పెట్టిన. మేడం ముక్కు మూసుకుంటది, నేను నవ్వుకుంట మూత తీసి చూపిస్త, గంతే అనుకున్న. ఆమె యాసిడ్ వేసింది, వంగింది. "మజీదన్నా, వచ్చింది! వాసన వచ్చింది!" అని నా రెండు చేతులు పట్టుకున్నది. కండ్లల్ల నీళ్ళు. మరియం, నువ్వెన్నడు మూయించలేని నా నోరు ఆ పిల్ల మూయించింది. అందరు అటు పొయ్యినంక మూత పొదలల్ల పారేసిన.

రాయిల ఏముందో చూసే చిన్న మిషన్ హైద్రాబాద్‌ల రిపేరుకు పోయింది. ముక్కలు ల్యాబుకు పంపిన్రు. జవాబు రాకముందే, గుట్ట మీద ఇంకో బోరు వెయ్యమని కంపెనీ హుకుం. ఇగ నేనెట్ల వస్త?

ఆ బోరు కోసం మిషన్ గుట్ట పైకి గుంజేటప్పుడు ఇనుప పైపు జారి హీర్యా కాలు మీద పడ్డది. హీర్యా అంటే మానుకోట కాడి తండా పిలగాడు, నా అన్నం తిని నన్నే తిట్టేటోడు. పాదం బొక్కలు ఇరిగినయి. దవాఖానకు కిచిడీ పట్టుకపోతే వాడే నాకు ధైర్యం చెప్తున్నడు: "కాలుదేముందన్నా, అతుకుతది. జింకు దొరికింది గదా! మైను పడితే మా తమ్మునికి నౌకరొస్తది. పడుతదంటవా?"

"పడుతది తియ్యి," అన్న. బయటికొచ్చి గోడకు ఆనుకోని నిలబడ్డ. ఎంతమందిని ఆటపట్టించినో లెక్కలేదు గని, ఒకని కాలు ఇరగ్గొట్టుడు ఎన్నడు లేదు.

నిన్న మేడంకు అంత చెప్పేసిన. ఆమె పెట్టెల దిక్కు చూసి, "పొయ్యి చాయ్ పెట్టు మజీదన్నా," అన్నది. మాఫ్ చేసింది. నువ్వు గుబులు పడకు.

జీపు డ్రైవర్ హారన్ కొడ్తున్నడు. మరియం, పైన రాసింది కొట్టేద్దామంటే కాయితం చినుగుతది. చెప్పిననేది, చాయ్ అనేది, మాఫ్ చేసిందనేది, అంత నేను కట్టిన కథ. ఆమెకు ఇంకా చెప్పనే లేదు. అగో, కొత్త బోరు కడ్డీల కాడ కూసున్నది. వాసన రాకపోతే తన ముక్కే చెడిందేమో అని ఇంకింత వంగుతున్నది. ఈ కాయితం డ్రైవర్ చేతుల పెట్టి సీదా ఆమె కాడికే పోత.

ఇట్లు,
ఇయ్యాల నవ్వు రాని
ఆయేషా అబ్బా, మజీద్